46 ఏళ్లు వచ్చేదాకా పరీక్షలు రాసుకోమంటున్నారు

హన్మకొండలో నయీంనగర్ నుంచి కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్డు దాకా నడిచి చూడండి. టు-లెట్ బోర్డు, దాని పక్కన స్టడీ హాల్ బోర్డు. ఏసీ, వైఫై, 24 గంటలు. లోపల చెక్క అరల మధ్య కూర్చున్నవాళ్లలో డిగ్రీ నిన్నమొన్న అయినవాళ్లు కొందరే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల నుంచి "ఒక్క ఏడాది చూసి వస్తా" అని ఇంట్లో చెప్పి వచ్చి, ముప్పై దాటినవాళ్లు చాలామంది. వీళ్లకు మన ప్రభుత్వాలు చేసిన మేలు సర్కారు కొలువులకు వయోపరిమితి పెంచడం. 2022లో 34 నుంచి 44కు, 2024లో 46కు. రెండుసార్లూ వరమిచ్చినట్టే ప్రకటించారు. నాకు మాత్రం అది తప్పు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. పరీక్ష పెట్టకుండా ఏళ్లు గడిపేశారు కాబట్టే ఆ ఏళ్లను వయసుకు కలపాల్సి వచ్చింది.

గ్రూప్-1 కథ కొత్తగా చెప్పక్కర్లేదు, తేదీలను మాత్రం వరసగా పెట్టి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. తెలంగాణ రాష్ట్రం వచ్చాక అదే మొదటిది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడో ప్రిలిమ్స్. నియామక పత్రాలు ఇచ్చింది 2025 సెప్టెంబర్‌లో. మొత్తం 41 నెలలు. రూమ్ కిరాయి, మెస్, స్టడీ హాల్ కలిపి నెలకు ఏడు వేలే అనుకోండి, 2 లక్షల 87 వేలు అవుతుంది. పోస్టు వచ్చినవాడికి సరే, జీతంలో తీరుతుంది. రానివాడు ఈ లెక్క ఎవరి ఖాతాలో రాయాలి?

యువతకు ఏం చేస్తారని అడిగితే పార్టీలు రూపాయల్లోనే జవాబు చెబుతాయి. 2018లో నిరుద్యోగ భృతి 3,016 అన్నారు, 2023లో ఇంకొకరు 4,000 అన్నారు. ఏదీ చేతికి రాలేదు, ఆ సంగతి వదిలేద్దాం. నేనడిగేది అంతకంటే చౌక. మాట ఇచ్చిన తేదీకి పని చేయండి. ఇరవై నాలుగేళ్ల పిల్లకు "ఈ తేదీకల్లా తేలిపోతుంది" అని చెబితే చాలు, వస్తే కొలువులో చేరుతుంది, రాకపోతే ఇంకో దారి చూసుకుంటుంది. ఇవాళ ఆ రెండో దారే మూసుకుపోయింది. ఓడిపోయామని కూడా ఎవరూ చెప్పడం లేదు వాళ్లకు.

కోర్టు కేసులు పడితే సర్కారు ఏం చేస్తుంది, అయినా అందరికీ ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కడివి, నైపుణ్యాలు నేర్చుకోవాలి గానీ అనేవాళ్లున్నారు. రెండో మాట నిజమే, 65 ఐటీఐలను ఆధునికం చేయడం మంచి పనే. మొదటి మాట ఒప్పుకోను. యూపీఎస్సీ మీదా కేసులు పడతాయి. అయినా ఏటా ముందే క్యాలెండర్ ఇచ్చి, దేశం మొత్తానికి ప్రిలిమ్స్ నుంచి తుది ఫలితం దాకా దాదాపు ఏడాదిలో ముగిస్తోంది.

ఉద్యోగం దాకా ఎందుకు, చదువు దగ్గరే ఈ ఆలస్యం మొదలవుతుంది. మా మేనల్లుడు బీటెక్ పాసై సర్టిఫికెట్ల కోసం కాలేజీకి పోతే, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి అన్నారు. చెల్లిస్తామని సర్కారు ఇచ్చే టోకెన్లు కాలేజీకి వచ్చాయట, డబ్బులు రాలేదట. "టోకెన్ అంటే డబ్బు కాదా మామా?" అని అడిగాడు వాడు. ఏం చెప్పను? వాడిని తీసుకుంటామన్న కంపెనీ రెండు వారాలు ఆగి ఇంకొకరిని పెట్టుకుంది. 2025 నవంబర్‌లో ఈ బకాయిల కోసం రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారుకూ యాజమాన్యాలకూ లెక్క తేలకపోతే మధ్యలో తాకట్టు పడేది పిల్లల టీసీలు, మెమోలు. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే చెల్లించాలని, సర్టిఫికెట్ ఆపితే కాలేజీ మీద చర్య ఉంటుందని చట్టం చేయడానికి అడ్డేమిటి?

ఇంటి పన్ను ఆలస్యమైతే మున్సిపాలిటీ మన దగ్గర వడ్డీ వసూలు చేస్తుంది కదా. నోటిఫికేషన్‌లో రాసిన గడువు దాటితే సర్కారు కూడా అభ్యర్థికి నెలనెలా అలాగే కట్టాలి. అన్నట్టు ఆ ఇంటి పన్నులోనే రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అది సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరితే ఇన్ని ప్రైవేటు స్టడీ హాళ్లు ఉండేవా?

అసలు వీళ్లంతా ఒకే గుమ్మం ముందు ఎందుకు నిలబడ్డారో కూడా చెప్పాలి. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు 2002లో మూతపడింది. కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ 2014లో ఆగింది. రైలు పెట్టెల ఫ్యాక్టరీ కాజీపేటకు రావాల్సింది కపుర్తలాకు పోయిందని మా తండ్రుల తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. వ్యాగన్ యూనిట్‌కు శంకుస్థాపన జరగడానికి 2023 జూలై రావాల్సి వచ్చింది. గీసుగొండ, సంగెం దగ్గర టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది వేశారు, కొన్ని కంపెనీలు వచ్చాయి, సంతోషం. కానీ స్కిల్ యూనివర్సిటీ ఎక్కడ పెట్టారు? హైదరాబాద్ పక్కన ముచ్చర్ల దగ్గర. రాష్ట్రం అంటే హైదరాబాద్, మిగతాది దానికి మనుషులను పంపే ఊరు అన్న లెక్క ఉమ్మడి రాష్ట్రంలో ఉంది, ఇప్పుడూ ఉంది. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అని కేయూలో గొంతు పోయేలా అరిచినవాళ్లు ఈ లెక్క మారుతుందనే అరిచారు. మారలేదు. వరంగల్‌లో వరంగల్ పిల్లలకు పని ఉంటే, ఒక నోటిఫికేషన్ వాయిదా పడినంత మాత్రాన ఇన్ని బతుకులు ఆగిపోవు.

ఉమ్మడి వరంగల్‌కు 12 మంది ఎమ్మెల్యేలున్నారు. మామునూరు విమానాశ్రయం గురించి అందరూ మాట్లాడుతున్నారు, మాట్లాడనివ్వండి. ఏ ఉద్యోగ పరీక్ష ఎప్పుడో చెప్పే జాబ్ క్యాలెండర్‌ను 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో పెట్టారు. తర్వాత కొత్త నోటిఫికేషన్లు ఎస్సీ వర్గీకరణ తేలాకే అన్నారు, 2025 ఏప్రిల్‌లో అదీ తేలింది. ఆ క్యాలెండర్‌లో ఏ తేదీ నిలబడింది, ఏది ఎన్ని నెలలు వెనక్కి జరిగిందో పట్టిక వేసి ఇమ్మని ఈ 12 మందిలో ఒక్కరైనా సభలో లేచి అడగాలి. దాన్ని జిరాక్స్ తీసి స్టడీ హాల్ గోడకు అంటించే పని మా పిల్లలు చూసుకుంటారు.