సెట్ అయిందా అండీ?

ముందే చెప్పేస్తున్నా, తప్పు నాది కాదు. మా ఆవిడ ఇప్పటికీ నాదేనంటుంది, మా వియ్యంకుడు పెద్దమనిషి కాబట్టి చెరిసగం అంటాడు, నేను మాత్రం ఆ నేరం మొత్తం ఒక్క ఇంగ్లీషు మాట మీదకి తోసేస్తాను. నోరు తిరగని మాటైతే మనమే భయపడి జాగ్రత్తగా వాడతాం. ఇది రెండక్షరాల ముక్క. సెట్. అన్నంలో కూరలా దేంతోనైనా కలిసిపోతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

మాది గోపాలపట్నం. రిటైరయ్యాక చేతిలో పడిన డబ్బుతో ఇంటి పక్క ఖాళీ జాగాలో, కొత్త దంపతుల కోసం, ఒక గది వేద్దామనుకున్నాను. పెళ్లి నాటికి ఇచ్చేస్తానన్న మేస్త్రి పెళ్లికి వచ్చాడు, భోజనం చేశాడు, కానీ గదికి గోడలు మాత్రమే ఇచ్చాడు. కోడలు కాపురానికి వచ్చిన నాలుగో రోజున గానీ స్లాబ్ పడలేదు. మే నెల. విశాఖలో మే నెలంటే తెలిసిందే కదా, ఎండ ఒక్కటే అయితే గొడుగేసుకుంటాం, ఉక్కకి ఏం వేసుకుంటాం? కాబట్టి స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టడం, గోనెసంచులు తడిపి కప్పడం, రోజుకి మూడు పూటలా ఇదే పని. సెంట్రింగ్ సామాను తెచ్చినాయన శ్రీకాకుళం వైపు మనిషి. అద్దెకిచ్చిన సరుగుడు కర్రలు సగం స్లాబ్ కింద నిలబెట్టి, మిగిలినవి మా వరండాలో పడేసి వెళ్లాడు. పొద్దున్న లేచి కాఫీ తాగాలంటే హైజంప్ చేసుకుంటూ వంటింట్లోకి వెళ్లాలి.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్న ఆరింటికి అలారం సెట్ చెయ్యలేదని మా ఆవిడ మావాడిని తిట్టడంతో మొదలైంది. వాడేమో మీటింగ్ ఒకటి సెట్ అయిందని టిఫిన్ తినకుండా పరిగెత్తాడు. సెట్ టాప్ బాక్స్ పనిచెయ్యడం లేదు, నిన్నటి సీరియల్ మళ్లీ వేస్తారు, అది పోతుందని మా అమ్మ. స్టీలు డబ్బాల సెట్‌లో చిన్న డబ్బా మూత కనబడటం లేదు, పెళ్లి హడావిడిలో ఎవరో కొట్టేశారని మా ఆవిడ అనుమానం, ఆ ఎవరో మా అక్కే అని నాకు అర్థమయ్యేలా ఒక చూపు. పక్కింటి కుర్రాడు ఈఏపీసెట్ రాస్తున్నాడు, దీవించమని వచ్చాడు. ఆ సెట్‌లో ఉన్నది ఎస్ కాదు, సి. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే వేరే కుటుంబం. 2021 దాకా మన రాష్ట్రంలో దాని పేరు ఎంసెట్, తర్వాత పేరు మార్చారు, సెట్ మాత్రం వదల్లేదు. ఆ కుర్రాడికి దీవెన ఇస్తూ నేను కూడా, 'సీటు సెట్ అయిపోతుందిలే బాబూ' అన్నాను. నోరు అలవాటు పడిపోయింది మరి.

తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. తెలియని నంబరు. కళ్లజోడు లేదు. సరిగ్గా అప్పుడే మా ఇంటి వెనక గూడ్సు బండి వెళ్తోంది, గోపాలపట్నంలో గూడ్సు అంటే ఒక పెళ్లి ఊరేగింపు, ఓపట్టాన తెమలదు.

"హలో... గారూ... శ్రీకాకుళం నుంచండీ. ఏం, సెట్ అయిందా?"

శ్రీకాకుళం. సెట్. ఇంకెవరు, సెంట్రింగ్ ఆయనే అనుకున్నాను. మీరు నా చోట ఉన్నా అలాగే అనుకుంటారు.

"ఎక్కడండీ, అప్పుడే! ఆరు రోజులే కదా" అన్నాను.

"అంతేలెండి, కొంచెం టైం పడుతుంది. ఇంతకీ ఎలా ఉంది?"

"పైకి బాగానే కనిపిస్తోంది. లోపలంతా పచ్చిగానే ఉంటుంది కదా. నిన్ననే కొంచెం పగులు కనిపించింది. మొదట్లోనే చూసుకోకపోతే ముందు ముందు పెరిగిపోతుందని మా ఆవిడ భయం."

అవతల ఆయనకి గూడ్సు చప్పుడులో పగులు కాస్తా పొగరుగా వినపడిందట. ఈ సంగతి తర్వాత తెలిసింది.

"అయ్యో. మరి ఏం చేస్తున్నారండీ?"

"ఏం చేస్తాం, పూటపూటకీ నీళ్లు పోస్తున్నాం. ఎండకి మాడిపోకుండా తడి గోనెసంచులు కప్పుతున్నాం. నాలుగు పక్కలా కర్రలు పెట్టబట్టి గానీ, లేకపోతే ఈపాటికి ఎప్పుడో పడిపోయేది."

"కర్రలా!"

ఆ గొంతులో కంగారు చూసి, పాపం అద్దె సామాను గురించి దిగులు పడుతున్నాడనుకున్నాను. ధైర్యం చెప్పాలి కదా. "మీరేం కంగారు పడకండి, ఒక్క కర్ర కూడా విరగలేదు" అన్నాను.

అవతల నిశ్శబ్దం. గూడ్సు కూడా అప్పుడే అయిపోయింది కాబట్టి ఆ నిశ్శబ్దం నాకు బాగా వినపడింది. ఆయన ఏమీ అనకపోవడంతో నాకు ఊపొచ్చింది. "ఇదిగో, ముందే చెబుతున్నా. ఇరవై ఒక్క రోజులు చూస్తాం. ఆ తర్వాత మీరే బండి కట్టించుకొచ్చి పట్టుకుపోవాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఊరుకోను. ఇంట్లో మనుషులు తిరగడానికి దారి లేకుండా పోయింది. బాకీ సంగతి కూడా ఆ రోజే తేల్చుకుందాం."

ఫోన్ కట్ అయింది. మాటంటే అలా ఖచ్చితంగా ఉండాలి, లేకపోతే ఈ కాంట్రాక్టర్లు నెత్తికెక్కుతారని మా ఆవిడకి కూడా గర్వంగా చెప్పి, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి రైతు బజారుకి పోయాను.

ఒంటిగంటకి నేను సంచితో గుమ్మంలోకి వచ్చేసరికి వీధిలో ఒక కారు ఆగింది. అందులోంచి మా వియ్యంకుడు, వియ్యపురాలు, ఆయన తమ్ముళ్లు ఇద్దరు, కోర్టు పక్షులతో పరిచయాలున్నాయని పెళ్లిలో నాలుగుసార్లు చెప్పిన కోడలి మేనమామ, ఇంతమంది దిగారు. మామూలుగా అయితే మా వియ్యపురాలు కజ్జికాయల డబ్బా లేకుండా మా గడప తొక్కదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. అప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

"మా అమ్మాయి ఎక్కడ?" అన్నాడు వియ్యంకుడు. బావగారూ అనలేదు.

"స్లాబ్ మీద" అన్నాను.

అందరూ ఒక్కసారి పైకి చూశారు. మా కోడలు ఎండకి నెత్తిన తడి గోనెసంచి వేసుకుని, మోకాళ్ల దాకా తడిసి, చేతిలో నీళ్ల పైపుతో నిలబడి ఉంది. నిజానికి ఆ పని ఎవరూ చెప్పలేదు, ఇంట్లో ఉక్కకి తట్టుకోలేక నీళ్లలో ఆడుకోవడానికి తనే పట్టుబట్టి తీసుకుంది. ఫోన్ తడుస్తుందని కింద పెట్టేసింది కాబట్టి వాళ్ల నాన్న చేసిన పదకొండు కాల్స్ చూసుకోలేదు. గోనెసంచి కనబడింది. నీళ్లు కనబడ్డాయి. వరండా నిండా కర్రలు కనబడ్డాయి. నేను ఫోన్‌లో చెప్పినవన్నీ కళ్లెదుటే ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు.

వియ్యపురాలు ఏడుపు మొదలుపెట్టింది. మేనమామ ఒక కర్ర ఎత్తి, దాని లావు చూసి, "బావా, ఇదీ" అని చూపించాడు, ఏదో సాక్ష్యం దొరికినట్టు.

"మీ కర్రలు మీకు ఇప్పుడే ఎందుకండీ" అన్నాను నేను, ఇంకా ఏమీ అర్థం కాక. అదొక ఘోరం.

చివరికి చిక్కు విప్పింది కోడలే. పైనుంచి "నాన్నా, ఎప్పుడొచ్చారూ!" అని నవ్వుతూ కేకేసి, చెప్పులు లేకుండా దడదడా దిగొచ్చి, అమ్మనెందుకు ఏడిపిస్తున్నారని వాళ్ల నాన్ననే గద్దించింది. పొద్దున్న ఫోన్‌లో ఎవరెవరు ఏమేం అన్నారో మాట మాట అప్పజెప్పించుకుంది. పగులు దగ్గరికి వచ్చేసరికి తను నవ్వాపుకోలేక కూలబడింది. 'ఒక్క కర్ర కూడా విరగలేదు' దగ్గర మేనమామ చేతిలో కర్ర మెల్లగా కింద పెట్టేశాడు.

ఇందులో తెలుగు వ్యాకరణం చేసిన ద్రోహం కూడా ఉందండీ. మన భాషలో ఆడపిల్లకీ స్లాబుకీ క్రియ ఒకటే. వచ్చింది, ఉంది, అయింది, పడిపోయింది. ఎవరి గురించో చెప్పకుండా గంట మాట్లాడినా దొరకం. అదే మావాడు ఇల్లరికం వెళ్లి ఉంటే, నేను ఫోన్ చేసి 'సెట్ అయ్యాడా అండీ' అని అడిగేవాడిని, స్లాబుని ఎవరూ అయ్యాడు అనరు కాబట్టి గొడవే లేకపోయేది.

అసలు విచిత్రం ఏమిటంటే మా వియ్యంకుడు 30 ఏళ్లు హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పిన మాస్టారు. ఛందస్సు నిద్రలో కూడా చెప్పగలడు. "కుదురుకుందా అని అడగబోయానండీ. మీరు వైజాగ్ వాళ్లు కదా, మరీ పల్లెటూరి మాటలా ఉంటుందేమోనని..." అంటూ నసిగాడు. ఆయన ఫోన్ ఛార్జింగ్ అయిపోయి తమ్ముడి ఫోన్‌లోంచి చేశాడట.

మా అమ్మ మంచం మీంచే అంది: "పాలు తోడుకుంటాయి, పిల్ల కుదురుకుంటాది, సున్నం బిగుస్తాది. అన్నిటికీ ఒకటే మాటేట్రా, మాటలకి కూడా కరువొచ్చిందేటి?" అని, వెంటనే సెట్ టాప్ బాక్స్ బాగు చేయించావా అని నన్నే అడిగింది.

సాయంత్రం మావాడు ఆఫీసు నుంచి వచ్చి, నన్ను ఓదార్చడానికి ఫోన్‌లో ఏదో వెతికి చదివాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో ఈ సెట్‌కి 430 అర్థాలు ఇచ్చారట, వివరించడానికి 60,000 మాటలు పట్టిందట. మావాడి పెళ్లికి నేను రాసుకున్న ఖర్చుల పుస్తకం కూడా అంత లేదు. ఇప్పుడైతే రన్ అనే మాట దాన్ని దాటేసిందట, క్రియగా ఒక్కదానికే 645 అర్థాలు. 430 అర్థాల్లో నాకు తగలాల్సినవి రెండే, ఆ రెండూ ఒకే రోజు, ఒకే ఫోన్‌లో తగిలాయి.

మాస్టారు మనసు తేలిక పడ్డాక తన లెక్క తను తీశాడు. లెక్కల్లో సెట్ అంటే సమితి, నగలో రాయి సెట్ చేస్తే పొదగడం, సూర్యుడు సెట్ అయితే కుంకడం. దాంతో నాకు హైదరాబాద్ బంధువులు గుర్తొచ్చారు. సముద్రంలో సన్‌సెట్ చూస్తామని వాళ్లు బీచ్ రోడ్డులో గంటన్నర కూర్చుని, నాలుగు పొట్లాల మురీ మిక్చర్ తిని, వెనక్కి తిరిగి చూస్తే సూర్యుడు ఎప్పుడో కొండల వెనక దిగిపోయాడు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి రావడమే గానీ అందులోకి పోవడం ఉండదని ముందే చెబితే, నేనేదో పడనివాడినై చెప్పాననుకున్నారు.

ఇంతలో ఎదురింటి రిటైర్డ్ సివిల్ ఇంజనీరు గారు, కారు చూసి ఏమిటా అని వచ్చారు. కథంతా విని నవ్వుతారనుకుంటే మొహం సీరియస్‌గా పెట్టి, "అసలు మీరు అన్నదే తప్పండీ" అన్నారు. మామూలు సిమెంట్ అరగంట తర్వాత సెట్ అవడం మొదలుపెట్టి పది గంటల్లోపే పూర్తిగా సెట్ అయిపోవాలట, ప్రమాణాల్లోనే 30 నిమిషాలు, 600 నిమిషాలు అని రాసి ఉంటుందట. ఆ తర్వాత రోజుల తరబడి జరిగేది సెట్ అవడం కాదు, గట్టిపడటం. దాని బలం 28 రోజులకి చూస్తారు. మన గదిలాంటి చిన్న స్లాబుకి, నాలుగున్నర మీటర్ల లోపైతే, ఏడు రోజులకే కర్రలు తీసేయొచ్చు, అంతకంటే పెద్దదైతే 14 రోజులు, మేస్త్రులు భయానికి 21 అంటారు అన్నారు. అంటే ఆరో రోజున నా స్లాబ్ ఎప్పుడో సెట్ అయిపోయింది, నాకే తెలీదు. కోడలు కూడా అంతే, మొదటి రోజే సెట్ అయిపోయానంది, మీ ఇంట్లో గట్టిపడటానికే టైం పడుతుందేమో అని మా ఆవిడ వైపు చూసి నవ్వింది. మా ఆవిడ నవ్విందో లేదో నేను చూడలేదు, చూడకపోవడమే మంచిదనుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఈసారి కళ్లజోడు పెట్టుకున్నాను. సెంట్రింగ్ ఆయనే. నేను స్పీకర్ నొక్కాను.

"ఏటి బాబూ, సెట్టయిందా?"

నేను నోరు తెరిచేలోగా మాస్టారు ఫోన్ లాక్కున్నాడు. పొద్దుటి అవమానం అంతా గొంతులో పెట్టుకుని, "నాయనా, సెట్ అవడమనేది పది గంటల్లోనే ముగిసింది. ప్రస్తుతం అది దృఢపడుతున్నది. ఏ విషయం అడుగుతున్నావో కర్తతో సహా స్పష్టంగా అడుగు" అన్నాడు.

అటు రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత, "సారీ అండీ, రాంగ్ నంబరు" అని పెట్టేశాడు.

మళ్లీ ఎత్తడం లేదు. ఈ రోజుకి ముప్పై నాలుగు రోజులు. కొత్త గదిలో ఫ్యాను కూడా బిగించాం. వరండాలో కర్రలు అలాగే ఉన్నాయి, ఇప్పుడే కాఫీ గ్లాసు పట్టుకుని వాటిని దాటుకుని వచ్చి ఇది రాస్తున్నాను, రెండు చుక్కలు లుంగీ మీద పడ్డాయి.