గూఫీ అనే మాటకు ఒక కుడికాలివాడి లేఖ

గౌరవనీయులైన గూఫీ గారికి,

నమస్కారములు. నిన్న కొలరాడోలో, పసిపిల్లలు జారుడు నేర్చుకునే వాలు మీద నాలుగు గంటలు మంచులో పొర్లి వచ్చి, కింద రెండు దిండ్లు వేసుకుని తమకీ ఉత్తరం రాస్తున్నాను.

మంచు మీద నిలబడి జారే పలక, అదే స్నోబోర్డు, అద్దెకిచ్చే కొట్టులో కుర్రాడు నా వయసూ బరువూ అందరికీ వినబడేలా చదివి, "రెగ్యులరా, గూఫీనా?" అని అడిగాడు. ఎడమకాలు ముందుంచి జారేవాడు రెగ్యులర్ అనీ, కుడికాలు ముందుంచేవాడు గూఫీ అనీ నాకేం తెలుసు? నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ఏ పెద్దమనిషైనా, పక్కన అల్లుడు నిలబడి ఉండగా, తాను వెర్రిబాగులవాణ్ణని ఒప్పుకుంటాడా? రెగ్యులరేనని ఘనంగా సెలవిచ్చాను. కుర్రాడు బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బైండింగులు రెండింటినీ చెరోవైపుకు తిప్పి, మరలు బిగించి, ఇది డక్ స్టాన్స్ అన్నాడు. వెర్రివాణ్ణి కాననుకుంటే బాతునయ్యాను.

బోర్డు మధ్యలో వంతెనలా లేస్తే క్యాంబర్ అట, ఉయ్యాల తొట్టి అడుగులా కొసలు లేస్తే రాకర్ అట. దేని మీదనుంచి పడ్డా తగిలే దెబ్బ మాత్రం ఒకటే. బోర్డు అంచున ఉండే ఉక్కు పట్టీ వాలు వైపు మంచులో దిగబడి మనిషిని బోర్లా విసిరేస్తే, మనమే దాన్ని పట్టుకున్నట్టు "క్యాచింగ్ యాన్ ఎడ్జ్" అంటారు. పట్టుకున్నది అది, నేను కాదు.

మూడు గంటలు గడిచాక, నేర్పే అమ్మాయికి జాలి కలిగి, నన్ను బోర్డు దిగి నిలబడమని వెనకనుంచి మెల్లగా తోసింది. తూలి ముందుకు పడింది కుడికాలు. "అంకుల్, మీరు గూఫీ!" అంది, లాటరీ తగిలిందన్నంత సంబరంగా.

అయ్యా, మా ఇళ్లలో కొత్తకోడలు గడప దాటేది కుడికాలితో. కొత్తింట్లో పాలు పొంగించడానికి వెళ్లినా మా అమ్మ నా కాళ్ల వంకే చూసేది. యాభై ఐదేళ్లు అలా సాధన చేసిన కాలిది! రెగ్యులర్‌వాడు అదే కుడికాలు ముందుంచి జారితే స్విచ్ అని చప్పట్లు కొడతారు, నేను సహజంగా చేస్తే గూఫీనా? ఎవడు పెట్టాడయ్యా నీకీ పేరు? 1965లో మిషిగన్‌లో ఒక తండ్రి కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి బిగిస్తే, స్నోబోర్డుకు తాతలాంటి ఆ బోర్డును ఆయన భార్య, మంచు అనే స్నోనీ అలల మీద జారే సర్ఫ్‌నీ ముడివేసి, స్నర్ఫర్ అంది. ఆ ఇల్లాలికున్న ఇంగితం నీకు పేరు పెట్టినవాడికి లేకపోయింది. నీ మూలాన నా మధ్యాహ్నం, నా నడుం, అల్లుడి దగ్గర నా పరువు, మూడూ పోయాయి.

రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ బోర్డు కావడంతో మరలు విప్పి, తిప్పి బిగించడానికి ఐదు నిమిషాలే పట్టింది. మిగిలిన గంటలో మడమల వైపు అంచు మీద అటూ ఇటూ తేలుతూ దిగాను. దాన్ని ఫాలింగ్ లీఫ్, రాలే ఆకు, అంటారు. చూశావా, పేరంటే అలా ఉండాలి. పడకుండా రెండుసార్లు కింది దాకా వచ్చాను కూడా.

రేపు కుర్రాడు మళ్లీ అడుగుతాడు. అల్లుణ్ణి కాఫీకి పంపించి, నీ పేరే చెబుతాను.

ఇట్లు,
కుడికాలివాడు