సవరణ: ఎల్ ఆకారపు హాల్లో సరౌండ్ స్పీకర్ల అమరిక

డైనింగ్ వైపు గోడ లేని మా ఎల్ ఆకారపు హాల్లో 5.1 అమరిక (ముందు మూడు స్పీకర్లు, పక్కల రెండు సరౌండ్ స్పీకర్లు, లోతైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) గురించి ఇంతకుముందు రాసిన టపాలో రెండు పొరపాట్లు దొర్లాయి.

మొదటిది పెద్దది. సోఫాకు దగ్గరగా ఉన్న స్పీకరుకు డిలే (శబ్దాన్ని కావాలని ఆలస్యం చేసే సమయం) తగ్గించాలని రాశాను. నిజానికి దాని శబ్దమే ముందుగా చెవికి చేరుతుంది కనుక దానికే డిలే పెంచాలి. మా ఇంట్లో ఎడమ సరౌండ్ 1.5 మీటర్ల దూరంలోనూ, డైనింగ్ మూలలో నిలబెట్టిన కుడి సరౌండ్ 3.5 మీటర్ల దూరంలోనూ ఉన్నాయి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, ఆ 2 మీటర్ల తేడాకు ఎడమ స్పీకరును దాదాపు 6 మిల్లీసెకన్లు ఆపాలి. రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టెలో) దూరాలు నమోదు చేసే పద్ధతి ఉంటే ఈ లెక్క అక్కర్లేదు, టేపుతో కొలిచిన అసలు దూరాలనే ఇస్తే డిలేను అదే సర్దుకుంటుంది. నేను మాత్రం అక్కడ అంకెలను తారుమారు చేసి, వారం రోజులపాటు సినిమాల్లోని వాన చప్పుడంతా ఎడమ చెవిలోనే విన్నాను.

రెండవది, సరౌండ్ స్పీకర్లకు నేను చెప్పిన 135–150 డిగ్రీల కోణం (సోఫాలో కూర్చున్నవారికి సూటిగా ఎదురుగా ఉన్న దిశ నుంచి కొలిచేది), మరో రెండు స్పీకర్లు ఎక్కువుండే 7.1 అమరికలోని వెనుక జతకు చెందినది. 5.1లో అవి 110 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే సోఫాకు పక్కగా, కాస్త వెనక్కి ఉండాలి.