ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కి రూల్స్ లేవా? ఉన్నాయి, మనమే చెప్పడం లేదు

గాజువాక నుంచి మధురవాడ దాకా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘బీ యూ టీ బట్ అయితే పీ యూ టీ పుట్ ఎందుకయింది? ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కి రూలంటూ లేదు. ఇంగ్లండ్ వాళ్లే వాటిని వదిలేశారు. తెలుగు పిల్లలకు ఆ రూల్స్ అసలే ఎక్కవు. ఒక్కో మాట పదిసార్లు రాయించండి. అప్పటికీ రాకపోతే ఫోన్ దిద్దుతుంది.’ విశాఖలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇది చదివి, మరుసటి రోజే ‘రూల్స్ వద్దండీ, ఇంపోజిషన్ ఇవ్వండి చాలు’ అని అడిగిన తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఈ జవాబు.

ముందు బట్, పుట్ సంగతి. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటలనూ ‘ఉ’తోనే పలికేవారు. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణలో ఆ ‘ఉ’ చాలా మాటల్లో ‘అ’ వైపు జరిగింది. కట్, సన్, లక్ అలా వచ్చినవే. పెదవులతో పలికే పీ, బీ, ఎఫ్‌ల తర్వాత మాత్రం కొన్ని మాటల్లో పాత ‘ఉ’ అలాగే నిలిచిపోయింది: పుట్, పుల్, పుష్, బుల్, బుష్, ఫుల్. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చాలామంది ‘బుట్’ అనే అంటారు. చిన్న తరగతుల పిల్లలకు ముఖ్యంగా కావలసినవి ఈ ఆరు. ఆరింటినీ ఒక గుంపుగా కలిపి చెబితే పిల్లలు పాటలాగా అప్పజెబుతారు. ఆరు మాటలు ఎదురు తిరిగాయని మిగతా భాషకంతా రూల్ లేదనడం ఏం లెక్క?

మెసేజ్ చివర ‘షా గారి జోక్’ అని ఇంకొకటి తగిలించారు. జీ, హెచ్, ఓ, టీ, ఐ అని రాస్తే ‘ఫిష్’ అని చదవొచ్చట: ‘ఇనఫ్’లోని జీ హెచ్, ‘విమెన్’లోని ఓ, ‘నేషన్’లోని టీ ఐ. నాటక రచయిత బెర్నార్డ్ షా పుట్టింది 1856లో. ఈ జోక్ 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఉంది. అది అలా ఉంచితే, జీ హెచ్ మాట మొదట్లో ఎప్పుడూ ‘ఫ’ పలకదు, ‘ఘోస్ట్’ చూడండి. టీ ఐ మాట చివర ‘ష’ పలకదు. ఏ అక్షరం ఎక్కడుంటే ఎలా పలుకుతుందో చెప్పేవే స్పెల్లింగ్ రూల్స్. వాటిని మీరితేనే ఈ జోక్ పేలుతుంది.

1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 17 వేలకు పైగా ఇంగ్లిష్ మాటలను కంప్యూటర్‌కి ఇచ్చి, ధ్వనిని బట్టి రూల్స్‌తోనే స్పెల్లింగ్ కట్టించారు. దాదాపు సగం మాటలు అచ్చంగా సరిపోయాయి. ఇంకో మూడో వంతుకు పైగా మాటల్లో వచ్చింది ఒక్క తప్పే. సగం అంటే మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ సున్నా కూడా కాదుగా!

‘ఇంగ్లండ్ వాళ్లే వదిలేశారు’ అన్నది సగం నిజం. 2009లో అక్కడి ప్రభుత్వం టీచర్లకిచ్చిన సూచనల్లో, నేర్పడం దండగ అన్నది ఒక్క రూల్‌ని: ఐ, ఈ కలిసి వస్తే ఐ ముందు, ఈ తర్వాత, సీ తర్వాత వస్తే మాత్రం తిరగబడుతుంది అనేదాన్ని. దానికి ఎక్సెప్షన్లు ఎక్కువ కాబట్టి పోతే పోనివ్వండి. 2014 నుంచి అమల్లో ఉన్న అక్కడి సిలబస్‌లో మొదటి ఏడాది నుంచే ఏ తరగతిలో ఏ స్పెల్లింగ్ రూల్ చెప్పాలో వరసగా ఇచ్చారు.

ఇక తెలుగు పిల్లలకు ఎక్కవన్న మాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డిక్టేషన్‌లో మా పిల్లలు ‘రైటింగ్’కి రెండు టీలు రాస్తారు, ‘కటింగ్’కి ఒకటే రాస్తారు. సరిగ్గా తిరగేసి! అప్పుడు నేను బోర్డు మీద తెలుగులోనే రెండు వరసలు రాస్తాను. ఒక వరసలో బస్సు, కప్పు, పెన్ను, బిల్లు. రెండో వరసలో గేటు, కేకు, పైపు, స్కూలు. ఒత్తు ఎక్కడొచ్చిందో చూడమంటే మూడో తరగతి పిల్లాడైనా చెబుతాడు: ముందు పొట్టిగా పలికితే ఒత్తు ఉంది, సాగదీస్తే లేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే. ‘కట్’ పొట్టిది, ఐఎన్‌జీ చేరితే టీ రెండవుతుంది. ‘రైట్’ సాగేది, చివరి ఈ పోతుంది, టీ ఒక్కటే. తేడా ఒక్కటే: తెలుగులో ఒత్తును పలుకుతాం, ఇంగ్లిష్‌లో రెండో టీ వినిపించదు, ముందున్న అచ్చు పొట్టిదని గుర్తు చేస్తుందంతే. ఎవడో ఒకడు ‘మరి రోడ్డు?’ అని లేస్తాడు. ఎక్సెప్షన్లు మన దగ్గరా ఉంటాయని చెప్పడానికి అదే మంచి సందు.

సీ అక్షరం కూడా అంతే. చాప, చుక్కల్లోని ‘చ’కీ చిలుక, చెట్టుల్లోని ‘చ’కీ తేడా ఉందని, ఆ తేడా పక్కన చేరే అచ్చును బట్టి వస్తుందని మన వ్యాకరణం సూత్రమే చెబుతుంది. సీ పక్కన ఏ, ఓ, యూ ఉంటే ‘క’ (క్యాట్, కాట్, కప్), ఈ, ఐ, వై ఉంటే ‘స’ (సెంట్, సిటీ, సైకిల్). ఇది పట్టుబడిందో లేదో చూడాలంటే మన కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్ బోర్డు చాలు. ‘కింగ్’ సీతో మొదలుపెడితే ‘సింగ్’ అయిపోతుంది, అందుకే కే. జీదీ సీ దారే: ‘జార్జ్’లో జీ పక్కనే ఓ ఉంటే ‘గ’ పలుకుతుంది కాబట్టి మధ్యలో ఈ కావలసి వచ్చింది. ఇంగ్లిష్ మాటలు జేతో ముగియవు గనక చివర జీ, ఈ. కాకపోతే గెట్, గివ్, గర్ల్ లాంటివి ఉన్నాయి గనక జీని సీ అంతగా నమ్మలేం.

పదిసార్లు రాయించడం గురించి: పిల్లలు ఆ పదిసార్లు ఎలా రాస్తారో పక్కన కూర్చుని ఎప్పుడైనా చూశారా? ‘బికాజ్’ అయితే ముందు బీ పై నుంచి కిందికి పదిసార్లు, తర్వాత దాని పక్కన ఈ పదిసార్లు, అలా నిలువుగా గీసుకుంటూ పోతారు. మాట మొత్తం ఒక్కసారి కూడా బుర్రలోకి వెళ్లదు. మొదటి లైన్లో తప్పు పడితే పది తప్పులు. ‘సెడ్’, ‘వన్’, ‘టూ’ లాంటివి గుర్తు పెట్టుకోక తప్పదు, నిజమే. వాటికి చూసి, మూసి, రాసి, సరిచూసుకోవడం మేలు, మూడుసార్లు చేసినా చాలు. అలాగని రూల్స్ అన్నీ చార్టుకెక్కించి బట్టీ పట్టించే స్కూళ్లనూ నేను మెచ్చుకోను. వారానికో రూల్, దానికి నాలుగు మాటలు, ఎదురు తిరిగేది ఒకటి, అంతకు మించితే పిల్లలకు టెన్షన్.

చివరగా ఫోన్. ‘రైటింగ్’కి రెండు టీలు పెడితే ఫోన్ దిద్దుతుంది. కానీ లీవ్ లెటర్‌లో ‘మీరు సెలవిస్తారని ఆశిస్తున్నాను’ అనబోయి ‘హోపింగ్’లో ఒక పీ ఎక్కువ కొడితే, అదీ డిక్షనరీలో ఉన్న మాటే కాబట్టి చాలాసార్లు ఎర్రగీత పడదు. హెడ్‌మాస్టర్‌కి చేరేది మాత్రం మీ అబ్బాయి సెలవు కోసం ఒంటికాలి మీద గెంతుతున్నాడనే కబురు.