లెసర్ పెనాల్టీ గారికి, గుంట గట్టు మీద నుంచి

మహారాజశ్రీ లెసర్ పెనాల్టీ నిబంధన గారికి,

ఢిల్లీలో, వ్యాపారుల కుమ్మక్కుల మీద కేసులు చూసే కాంపిటీషన్ కమిషన్ కొలువులో, గుట్టు విప్పినవాడికి జరిమానా తగ్గించే తమరు క్షేమమని తలుస్తాం. ఇక్కడ విడవలూరు వైపు ఇవాళ తెల్లవారుజామున మళ్లీ అదే తంతు. 50 కౌంట్ రొయ్యకి (కిలోకి యాభై తూగేది) కొనేవాడు రాత్రి ఫోన్లో చెప్పింది ఒక రేటు, వల గుంటలో పడ్డాక కిలోకి ఇరవై రూపాయలు కోత. ఇంకో ముగ్గురు కొనేవాళ్లకి ఫోన్ చేస్తే ముగ్గురి నోటా అదే అంకె.

తమరి దయాగుణం గొప్పది. కుమ్మక్కైన వాళ్లలో ముందుగా వచ్చి ఒప్పుకున్నవాడికి జరిమానాలో 100 శాతం దాకా మాఫీ, రెండోవాడికి 50 దాకా, మూడోవాడికి 30 దాకా. నోటిమాటగా చెప్పినా వరుస నంబరు ఇస్తారు. తిరుమల టోకెన్ కూడా ఇంత తేలిగ్గా దొరకదు. 2024 నుంచి ఇంకో కుమ్మక్కు గుట్టు కూడా విప్పితే పాత కేసులో అదనపు మాఫీ! కొసరు వేయడం మా సంతలోనే నేర్చారా?

తమరి మహిమ మాకు తెలియంది కాదు. 2018లో తేలిన బ్యాటరీ కంపెనీల రేటు కుమ్మక్కు కేసులో, అప్పటి మన జిల్లా తడలో ఫ్యాక్టరీ ఉన్న నిప్పో కూడా ఉంది. ముందే పోయి చెప్పిన పానసోనిక్‌కు మొత్తం మాఫీ. 2016 ఆగస్టులో సోదాలు మీదికొచ్చాక చేతులెత్తిన ఎవరెడీకి 30 శాతం, నిప్పోకు 20. వాళ్లవి కంపెనీలు, ఈమెయిళ్లు దొరుకుతాయి. లాభానికి మూడు రెట్లో, టర్నోవర్‌లో 10 శాతమో, ఏది ఎక్కువైతే అంతదాకా, అదీ ఏటేటా లెక్కగట్టి వేస్తారంటే ఒకడి మీద ఒకడికి నమ్మకం పోతుంది.

గట్టు మీద ఆ భయం యాడుంది సామీ? సిండికేట్‌కి కావాల్సింది మూడు: రేటు మాట్లాడుకోవడం, మాట తప్పినవాణ్ణి పట్టుకోవడం, వాడికి వాత పెట్టడం. మాటకి ఒక్క మిస్డ్ కాల్ చాలు. శాంపిల్ ముందు ఎవడు చూస్తే గుంట వాడిది, మిగతావాళ్లు రెండు రూపాయలు తక్కువ చెప్పి గమ్మునుంటారు. నిఘాకి మనిషి అక్కర్లేదు, ఎవరి ఐస్ లారీ ఏ గట్టు మీద నిలబడిందో ఊరంతా చూస్తుంది. ఇక వాత: మాట తప్పి రేటు పెంచినవాడికి మర్నాడు ఐసూ ఉండదు, కూలీలూ ఉండరు. కాగితం ముక్క లేదు. అందరూ బావలూ మరుదులే. చెప్పేవాడు ఎవడు? ఎందుకు చెబుతాడు? జరిమానా అనేదే గట్టెక్కి రానప్పుడు తమరి మాఫీ ఎవడికి కావాలి?

రైతు ఆగొచ్చు కదా అంటారేమో. వైట్‌స్పాట్ వైరస్ తగిలిందంటే రేపటికి సరుకే ఉండదు. అమావాస్యకో పౌర్ణమికో పెంకు విడిస్తే మెత్తబడి సాఫ్ట్ కింద ఇంకో కోత. నీళ్లు దించి వల లాగాక రొయ్యని మళ్లీ గుంటలో వేసేది లేదు, వెంటనే ఐసులోకి పోవాల్సిందే. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే రేటు మారుద్ది, పొరపాటున కూడా అంతకు ముందు మారదు.

ఎప్పుడన్నా జరిమానా పడినా అది ఖజానాకే జమ. రైతుకి పరిహారం కావాలంటే ట్రిబ్యునల్‌లో వేరే అర్జీ పెట్టుకోవాలి. పోనీలే.

దయ సంగతి పక్కన పెట్టు, ముందు కాస్త భయం పుట్టించు! ఈ అమావాస్యకి ముందే ఇంకో రొయ్యల పట్టుబడి ఉంది. నలుగురూ చెప్పబోయే రేటు ఇప్పుడే రాసి కవర్లో పెట్టి అంటిస్తాం. ఒక్క మనిషిని పంపు, గట్టు మీద నిలబడి విప్పి చూసుకుంటాడు. ఐస్ లారీ మూడింటికే వస్తుంది, కాస్త ముందే రమ్మను.

ఇట్లు,
50 కౌంట్ గుంట