కర్త లేని కోటలు

ముప్పైయేళ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైనవాణ్ణి. కర్మణి ప్రయోగం పాఠం వచ్చిందంటే ప్రతి ఏడూ నాకు తలవంపులే. "నాచేత అన్నం తినబడినది" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీవాళ్లు కిసుక్కుమనేవారు. వాళ్ల తప్పేం లేదు, మన భాషకి అది నప్పదు. ఎంత దాచినా 'చేత' అనే తోక పట్టుకుని కర్త లోపలికి వచ్చేస్తాడు. ఆ ప్రయోగం పరిపూర్ణంగా వర్ధిల్లే చోటు చూడాలంటే, బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా అమ్మాయి ఆర్నెల్ల వీసా మీద మమ్మల్ని పిలిపించుకోవలసి వచ్చింది.

అక్కడ శనాదివారాలొస్తే జనం పాత ప్రభువుల కోటలకూ మేడలకూ వెళతారు. వాటిలో చాలావాటిని చూసుకునేది నేషనల్ ట్రస్ట్ అని 1895లో పుట్టిన సంస్థ. దాని సభ్యత్వ కార్డును మా అల్లుడు తిరుమల దర్శనం టికెట్టంత భద్రంగా దాచుకుంటాడు. చందా కట్టేశాక ఎన్ని మేడలు తిరిగితే అంత గిట్టుబాటు కాబట్టి, ఒక్క ఆదివారం కూడా మమ్మల్ని ఇంట్లో కూర్చోనివ్వలేదు.

మొదట చూసింది వేల్స్‌లోని పోయిస్ కోట. ఎర్రరాతి గోడలు, అంచెలంచెలుగా దిగే తోట, మబ్బుల్లా గుండ్రంగా కత్తిరించిన యూ చెట్లు. అందానికి వంక పెట్టలేం. కోట పాతదే, డబ్బు కొత్తది. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ 1784లో ఈ ఇంటి పిల్లను చేసుకున్నాడు. తర్వాత మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఆయన ఏలుబడిలోనే, 1799లో, శ్రీరంగపట్నం పడిపోయింది. ఇప్పుడు టిప్పు సుల్తాన్ గుడారమూ, ఆయన సింహాసనం మీది బంగారు పులితలా వేల్స్‌లో ఉన్నాయి.

ఎలా వచ్చాయంటారా? ఇలాంటి మేడల్లో వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి ఒక ప్రత్యేక భాష ఉంది. సేకరించబడినది. తీసుకురాబడినది. కుటుంబానికి సంక్రమించినది. మా ఊళ్లో సంక్రమించేవి రెండే, ఆస్తీ జలుబూ. రెంటికీ ఎవరినుంచి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఇక్కడ రాదు. గుడారం మైసూరు దగ్గర తాళ్లు విప్పుకుని, సముద్రం దాటి, చలికి తట్టుకోలేక ఈ కోటలో దూరి ఉంటుంది.

ఆ వంశంలో కర్తరి ప్రయోగం మీద గౌరవమున్నవాడు పెద్ద క్లైవే. మన ఉత్తర సర్కారులకు 1765లో మొగలు ఫర్మానా పుట్టించిన మహానుభావుడు. నీ సంపాదన సంగతేమిటని పార్లమెంటు నిలదీస్తే, నా నిగ్రహానికి నేనే ఆశ్చర్యపోతున్నాను అన్నాడని చెబుతారు. కర్త ఉంది, క్రియ ఉంది, సిగ్గు ఒక్కటే లోపించింది. వ్యాకరణం ప్రకారం అది దోషం కాదు.

కార్న్‌వాల్‌లో బొకొనాక్ అనే ఎస్టేటు ఉంది. దాని పునాది మా పల్నాటి కొల్లూరులో పడిందని అల్లుడికి చెప్తే, మామగారికి ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. ఆ దేశంలో ఎండా! మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొల్లూరు వజ్రం ఒకటి 48,000 వరహాలకు కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. ఆ డబ్బుతో కొన్నదే బొకొనాక్. ఆయన మనవడూ మునిమనవడూ ప్రధానమంత్రులయ్యారు, ఒకే రాయికి రెండు పిట్‌లు. గనిలో ఆ రాయి దొరికినవాడు దాన్ని కాలి గాయంలో దాచుకుని పారిపోయాడనీ, దారిలో చంపబడ్డాడనీ ఓ కథ ఉంది. అతని పేరు కథలో కూడా లేదు. గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

తోటలదీ ఇదే వ్యాకరణం. పద్దెనిమిదో శతాబ్దపు ప్రభువులకు కిటికీలోంచి చూస్తే పచ్చిక ఆకాశం దాకా సాగాలి, ఆవులు మాత్రం గడప తొక్కకూడదు. అందుకని కందకం తవ్వి గోడను అందులో దించేశారు. దాని పేరు 'హాహా'. అడ్డం ఉంది, అడ్డగించినవాడు కనపడడు. డోర్సెట్‌లో లార్డ్ మిల్టన్‌కైతే చూపుకి ఏకంగా ఊరే అడ్డొచ్చింది. ఊరు తీయించేసి, జనాన్ని కొండ పక్కన మిల్టన్ అబ్బాస్‌లో కొత్త ఇళ్లలో పెట్టాడు. హారిసన్ అనే వకీలు ఒక్కడు కదలనంటే, చెరువు తూము ఎత్తి అతని ఇంటి మీదికి నీళ్లు వదిలించాడంటారు. వకీలు కేసు వేసి గెలిచాడు. ఆ కొత్త ఊరికి జనం ఇప్పుడు ఫొటోల కోసం వెళుతున్నారు, పూరికప్పుల ఇళ్లు ముచ్చటగా ఉంటాయట.

వాక్యంలో కర్తను చేర్చే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2020లో నేషనల్ ట్రస్ట్, తన ఆస్తుల్లో 93 చోట్లకు వలసపాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధముందని నివేదిక వేసింది. చర్చిల్ ఇల్లు చార్ట్‌వెల్ కూడా అందులో చేరేసరికి గగ్గోలు పుట్టింది. సెలవు పూట టీ, స్కోన్ తిందామని వస్తే కర్తలూ కర్మలూ ఏమిటని. నాకు వాళ్ల బాధ అర్థమైంది. ముప్పైయేళ్లు నా క్లాసులో పిల్లలు పడ్డదీ అదే బాధ.

ఇంకో ఆదివారం ఇంకో మేడ. పేరు చెప్పను, కర్త లోపించిన వాక్యం ఇప్పుడు నాకూ చేతనవును. నాలుగో గదికి మా ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. గోడవారన చక్కటి పట్టు కుర్చీ ఉంది, దాని మీద పల్లేరుకాయకి పెద్దన్నలాంటి ఎండిన ముళ్లకాయ ఉంది. కూర్చోవద్దని ఎక్కడా రాసి లేదు.

"ఏవండీ, ఈ ముళ్లకాయ ఎవరు పెట్టారో కనుక్కోండి" అంది.

గది కాపలా కాస్తున్న పెద్దావిణ్ణి అడిగాను. చిరునవ్వుతో, "అది ఎప్పుడూ అక్కడే ఉంటుందండీ" అని పక్క గదిలోకి వెళ్లింది.

మరుక్షణం ముళ్లకాయ కిటికీ గట్టు మీదికి చేర్చబడినది. కుర్చీ ఆక్రమించబడినది. ఎవరిచేత అంటే, నేను చూడలేదు. ఆ సమయమున నాచేత తోట చూడబడుచుండెను.