గేదెలు అంతర్జాతీయ స్థాయికి ఎదగాలి

మన పశువైద్య సేవలు అంతర్జాతీయ ప్రమాణాలను ఎప్పుడు అందుకుంటాయని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అసలు ప్రశ్నే తప్పు. సేవలు ఏనాడో సిద్ధమయ్యాయి. యాప్ ఉంది, పోర్టల్ ఉంది, టోల్‌ఫ్రీ నంబరు ఉంది, 2019 నుంచి ప్రత్యేక మంత్రిత్వ శాఖ కూడా ఉంది. అన్నింటికీ చక్కటి లోగోలున్నాయి. ఎదగాల్సింది పశువులే. అర్ధరాత్రి దాటాక నొప్పులు తెచ్చుకునే గేదె, బండి పోలేని డొంకలో కూలబడే ఎద్దు, ఆదివారం చూసుకుని కడుపుబ్బరం తెచ్చుకునే మేక... ఇలాంటి క్రమశిక్షణ లేని జీవాలను పెట్టుకుని ప్రపంచం ముందు తలెత్తుకు తిరగడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

ఇంతకీ ఈ అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టి మనకు మార్కులు వేసే పారిస్ సంస్థ పుట్టుక చాలామందికి తెలియదు. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్ వెళ్తున్న మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటితో పాటు మందలను ఊడ్చేసే ముసర వ్యాధీ (రిండర్‌పెస్ట్) దిగింది. ఆ దెబ్బకు యూరప్ ఉలిక్కిపడింది. 1924 జనవరి 25న 28 దేశాలు సంతకాలు పెట్టి ఒక సంస్థను స్థాపించాయి. ఇప్పుడు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ అంటున్నది దాన్నే. అంటే వాళ్లకు ఉద్యోగాలు కల్పించింది మన పశువులే. అలాంటి మనల్ని పట్టుకుని పరీక్ష రాయమనడంలో కొంచెమైనా కృతజ్ఞత ఉందా?

బ్రెజిల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. అక్కడికి చేరిన మన ఒంగోలు జాతి నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అయింది. ఆ దేశపు మాంసం వ్యాపారాన్ని చాలావరకు మోస్తున్నది దాని సంతతే. 2025లో బ్రెజిల్ మొత్తానికి, టీకా అవసరం కూడా లేని, గాలికుంటు వ్యాధి రహిత దేశమని పారిస్ సంస్థ గుర్తింపు ఇచ్చింది. ఇక్కడ ప్రకాశం జిల్లాలో ఉన్న దాని దాయాదులు ఏడాదికి రెండుసార్లు టీకా కోసం వరుసలో నిలబడుతున్నాయి. కాబట్టి ఒంగోలు ఆవుకు అంతర్జాతీయ ధ్రువపత్రం రావాలంటే మార్గం లేకపోలేదు. బ్రెజిల్‌లో పుడితే సరి.

ఇక ఆ పరీక్ష సంగతి. దేశాల పశువైద్య సేవల పనితీరును కొలిచేందుకు పారిస్ సంస్థ దగ్గర పీవీఎస్ అని ఒక కొలబద్ద ఉంది. దాని 2019 కూర్పులో 45 కీలక సామర్థ్యాలు, ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలు. నేను శ్రద్ధగా తిరగేశాను. జాబితాలో మొట్టమొదటి అంశమే సిబ్బంది. డాక్టర్లు ఎందరు, వారి కింద పనిచేసేవాళ్లు ఎందరు అని. అంత పెద్ద సంస్థ అంత చిన్న విషయంతో మొదలుపెట్టడం చూసి బాధేసింది. మన జాతీయ వ్యవసాయ కమిషన్ కూడా 1976లో ఇదే పొరపాటు చేసింది. 5,000 పశువులకు ఒక డాక్టరు ఉండాలని రాసిపెట్టింది. 2019 పశుగణన ప్రకారం ఆవులూ గేదెలూ కలిపి దేశంలో 30 కోట్ల పైచిలుకు. గొర్రెలను, మేకలను, కోళ్లను పక్కన పెట్టినా 60 వేల మంది డాక్టర్లు తేలతారు. పాపం, కమిషన్ వారి కాలానికి యాప్‌లు లేవు. అందుకే మనుషుల లెక్క వేశారు.

ఇప్పుడు 1962 నంబరుకు ఫోన్ చేస్తే బండే ఇంటికి వస్తుంది. కేంద్రం లెక్క ప్రకారం సుమారు లక్ష పశువులకు ఒక బండి. బండి మంచిదే. లోపల డాక్టరు, సహాయకుడు, మందులు అన్నీ ఉంటాయి. లక్ష పశువులూ కూడబలుక్కుని వంతులవారీగా జబ్బుపడితే ఏ ఇబ్బందీ లేదు. మొన్న ఒక పల్లెలో దూడ అడ్డం తిరిగి గేదె అవస్థ పడుతుంటే రైతు డాక్టరుకు ఫోన్ చేశాడు. మూడు మండలాలకు ఇన్‌చార్జిగా ఉన్న ఆ డాక్టరు రెండో మండలంలో సమీక్ష సమావేశంలో ఉన్నాడు. సమావేశం దేని గురించి అంటే, రైతులకు డాక్టర్లు అందుబాటులో ఉండటం గురించి. చివరికి ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర, డాక్టరు కాకపోయినా, చొక్కా చేతులు మడిచి దూడను బయటికి తీశాడు. ఈ ఘటన ఏ పోర్టల్‌లోనూ నమోదు కాలేదు కనుక జరగలేదనే భావించాలి.

చట్టం మాత్రం అన్నీ ఆలోచించింది. జంతువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన చట్టం ప్రకారం, పశువుకు అంటురోగం ఉందని అనుమానం రాగానే యజమాని గ్రామాధికారికి చెప్పాలి. ఆయన దగ్గర్లోని పశువైద్యుడికి రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. ఈ ఉత్తరం ప్రయాణిస్తున్నంత సేపు రోగం మర్యాదగా కొట్టంలోనే కూర్చుంటుందని చట్టసభల నమ్మకం.

అసలైన విప్లవం చెవిలో జరిగింది. ప్రతి పశువు చెవికీ పసుపురంగు పోగు, దాని మీద 12 అంకెల సంఖ్య. ముద్దుగా పశు ఆధార్. ఆ సంఖ్య కొడితే జాతి, వయసు, ఈతలు, వేసిన టీకాలు, యజమాని వివరాలు బయటపడతాయి. రోగం ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో పట్టుకోవాలంటే ఇలాంటి ఏర్పాటు ఉండాల్సిందేనని ప్రపంచమంతా అంటుంది. ఒప్పుకుంటాను. కానీ గేదె ఒప్పుకోవాలి కదా. అది కంచెకు చెవి రాసుకుని పోగు తెంపుకుంటుంది. సంతలో చేతులు మారి జిల్లా దాటుతుంది. పోర్టల్‌లో మాత్రం పాత యజమాని కొట్టంలోనే నిలబడి, వేళకు టీకాలు వేయించుకుంటూ, సంపూర్ణ ఆరోగ్యంతో నెమరువేస్తూ ఉంటుంది. నమోదుకు ఓటీపీ అడిగే చోట ఇంకో చిక్కు. గేదె ఊళ్లో ఉంటుంది, ఓటీపీ వచ్చే ఫోను హైదరాబాద్‌లో కొడుకు జేబులో ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు నేర్పిన పాఠాన్ని ఆ కొడుకు బాగా వంటబట్టించుకున్నాడు. సాయంత్రానికి లక్ష్యం పూర్తయినట్టు నివేదిక పోవాల్సిందే కాబట్టి, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు అంకెలు పైకి వెళ్లిపోతాయి. పైవాళ్లు వాటిని ఇంకా పైకి పంపుతారు.

గాలికుంటు మీద యుద్ధాన్ని 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రకటించారు. ఐదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు. 2025 నాటికి అదుపు, 2030 నాటికి నిర్మూలన. 2025 వచ్చి వెళ్లింది. గాలికుంటు ఇంకా వెళ్లలేదు. సర్క్యులర్ దానికి అందినట్టు లేదు. ఈ వ్యాధికి టీకా తయారుచేసే ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. టీకాకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఫ్యాక్టరీ గేటు దాకా ఉంటుంది. తర్వాత మే నెల, కరెంటు కోత, మోటారు సైకిల్ వెనక కట్టిన ఐసు పెట్టె. టీకాది ప్రపంచ స్థాయి, ఐసు పెట్టెది పంచాయతీ స్థాయి.

కోళ్ల విషయంలో మాత్రం మనకు వంక పెట్టడానికి వీల్లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చనిపోతే నమూనాలను భోపాల్ పంపించారు. అక్కడి ప్రయోగశాలకు పారిస్ గుర్తింపు కూడా ఉంది. బర్డ్ ఫ్లూ అని అది తేల్చింది. బతికుండగా చూసే దిక్కు మండలంలో దొరకని కోడికి, చచ్చాక అంతర్జాతీయ ప్రమాణాల పరీక్ష దొరుకుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

కొలబద్దలో సాంకేతిక స్వతంత్రత అనే అంశం కూడా ఉంది. డాక్టరు నిర్ణయాలు శాస్త్రం ప్రకారం ఉండాలి, ఎవరి ఒత్తిడీ ఉండకూడదు అని దాని సారాంశం. మన డాక్టర్ల స్వతంత్రతకు ఎదురులేదు. ఎన్నికలొస్తే ఎన్నికల విధుల్లో స్వతంత్రంగా పనిచేస్తారు. 2017లో తెలంగాణలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలైనప్పుడు లబ్ధిదారుల వెంట పొరుగు రాష్ట్రాలకు వెళ్లి గొర్రెలను ఎంపిక చేశారు. పళ్లు చూసి వయసు చెప్పడం ఎలాగూ చదువుకున్నదే. ఆ రోజుల్లో ఊళ్లో ఆసుపత్రికి తాళం వేసి ఉందంటే, డాక్టరు విధుల్లో ఉన్నాడని అర్థం చేసుకోవాలి.

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇబ్బంది పెడుతున్నది ఒకే ఒక పాత కేసు. ముసర వ్యాధి. శతాబ్దాల పాటు మంద మందలనే ఊడ్చిన రోగం. మన దేశంలో చివరిసారి 1995లో కనిపించింది. 2006లో మనకు విముక్తి ధ్రువపత్రం వచ్చింది, 2011లో ప్రపంచమే దాన్ని వదిలించుకుంది. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం ఇదే. ఎలా సాధించారని చూస్తే, డాక్టర్లు, కాంపౌండర్లు ఐసు పెట్టెలు మోసుకుని ఊరూరా తిరిగి టీకాలు వేశారు. ఆ తర్వాత సంతలు, మందలు గాలించి రోగం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికారు. అంతే. యాప్ లేదు, ఓటీపీ లేదు. విజయం సంగతి ఎలా ఉన్నా, నమోదు విధానం పాటించలేదు కనుక ఆ నిర్మూలనను పునఃపరిశీలించాలని నా వినతి.

చివరగా పశువుల కోసం ఒక ముసాయిదా ఉత్తర్వు తయారుచేశాను. శాఖ వారు ఉచితంగా వాడుకోవచ్చు. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు, ఆవుది 280. ఎద కట్టిన రోజే క్యాలెండర్ చూసుకుంటే ఈత పనిదినాన, ఉదయం పదికీ సాయంత్రం ఐదుకీ మధ్య పడేలా ఏర్పాటు చేసుకోవచ్చు. రెండో శనివారాలు, ఎన్నికల తేదీలు తప్పించాలి. జబ్బుపడదలచిన పశువు ముందుగా తారు రోడ్డు పక్కకు చేరుకోవాలి. చనిపోదలచినది బీమా ప్రీమియం గడువు, చెవిపోగు సరిచూసుకున్నాకే ఆ పని చేయాలి. ఈ ఉత్తర్వును ప్రతి కొట్టంలోనూ అంటించాలి. చదువురాని పశువులకు యజమానులు చదివి వినిపించి, విన్నట్టుగా మూతి ముద్ర తీసుకుని పోర్టల్‌లో పెట్టాలి. సిగ్నల్ లేని ఊళ్లలో పశువులను టవర్ దాకా తోలుకురావాల్సి ఉంటుంది. మేత ఖర్చు యజమానిదే.